పద్యం పాడదాం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కార్తీక మాసంలో మా బడిలో పద్యాల పోటీ. ఎనిమిదో తరగతి అమ్మాయికి నన్నయగారు భారతంలో చివరగా రాసిన పద్యం ‘శారదరాత్రులు’ నేర్పుతున్నాను. ప్రతి పాదం చివరా ఆగుతోంది, అర్థం ముక్కలైపోతోంది. ఏ రాగంలో పాడిస్తే బాగుంటుంది?
– తెలుగు ఉపాధ్యాయిని, కావలి

జవాబు: రాగం సంగతి తర్వాత, ముందు ఊపిరి చూడండి. ఇది ఉత్పలమాల, పాదానికి 20 అక్షరాలు. పాదాంతాల్లో మొదటిదొక్కటే ఆగడానికి వీలైనది, ‘పంక్తులం’ దగ్గర. రెండో పాదం ‘గంధబంధురో’ అని తెగి మూడోదాంట్లో ‘దారసమీర’ అని అందుకుంటుంది. మూడోది ‘వికీర్యమాణక’ దగ్గర తెగి ‘ర్పూరపరాగ’ అని సాగుతుంది. అక్కడ ఆగితే కర్పూరం రెండు ముక్కలే.

ఊపిరి తీయాల్సిన చోట్లు మూడు: ‘పంక్తులం’, ‘జారుతరంబులయ్యె’, ‘దాల్చి’. ‘వికసన్నవ’ నుంచి ‘దాల్చి’ వరకు 24 అక్షరాలు, ‘సుధాంశు’ నుంచి చివరిదాకా 29. ఈ 29 ఒక్క ఊపిరిలో రావాలంటే ‘దాల్చి’ తర్వాత నిండుగా గాలి తీసుకోవాలి. మొదటి వారం రాగం వద్దు. మామూలుగా చదివించండి, తర్వాత షడ్జమం (స) ఒక్కదాని మీదే చెప్పించండి. రాగాలాపన ‘అయ్యె’ మీద, ‘దాల్చి’ మీద మాత్రమే.

పిల్లలు తరచు చెడగొట్టేది ‘లుజ్జ్వల’. దాన్ని ‘లుజ్వల’ అని తేల్చేయకూడదు, రెండు జకారాలూ పలకాలి. ‘వికసన్నవ’లో రెండు నకారాలూ వినపడాలి.

రాగానికి మోహన చాలు. పద్యంలో మెరిసే చుక్కలు, విచ్చిన కలువల వాసన మోసుకొచ్చే గాలి, చంద్రుడు చల్లే తెల్లని వెలుగు ఉన్నాయి. గమకాలు (స్వరాన్ని ఊపి పాడటం) ఎక్కువైతే ఈ తేటదనం పోతుంది. ‘పూరితంబులై’తో పద్యం ముగుస్తుంది గానీ వాక్యం ముగియదు, క్రియ ముందే వచ్చేసింది. అందుకే ‘లై’ని సాగదీయకుండా ‘శారదరాత్రులు… జారుతరంబులయ్యె’కు తిరిగి వచ్చి షడ్జమం మీద నిలపండి.

ప్రశ్న: ఎర్రన మొదలుపెట్టిన పద్యం కూడా శరత్తు మీదేనంటారు. రెండూ వరుసగా పాడవచ్చా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: తప్పకుండా పాడవచ్చు. అరణ్యపర్వంలో నన్నయ ఆగింది శరత్తు రాత్రి దగ్గర. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన అందుకున్నది శరత్తు ఉదయం నుంచి: ‘స్ఫురదరుణాంశురాగరుచి…’ పుస్తకంలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కానీ ఒకటి 11వ శతాబ్దం, రెండోది 14వ శతాబ్దం. నడుమ 13వ శతాబ్దంలో మన నెల్లూరు తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా పూర్తిచేసి వెళ్లిపోయాడు.

రెండోది చంపకమాల, పాదానికి 21 అక్షరాలు. ఇక్కడ క్రియ ‘వెలింగె’ నాలుగో పాదంలో గానీ రాదు. కాబట్టి గొంతును మొదట్లోనే ఖర్చు చేయకండి. విచ్చే తామరలు, హంసల రొద అన్నీ దాటి ‘గరము వెలింగె’ దగ్గర తారస్థాయి అందుకోవాలి. ‘నీరదా|వరణములై’, ‘ను|ద్ధురతర’ల దగ్గర ఇక్కడా పాదాంతంలో ఆగకూడదు.

రాగం భూపాలం. మోహనలోనూ భూపాలంలోనూ స రి గ ప ద లే. రి, గ, ద ఒక్కొక్క మెట్టు దిగుతాయి, అంతే తేడా. హార్మోనియం మీద ఒకటో శృతిలో మోహన అన్నీ తెల్లమెట్లే. ఆ మూడు స్వరాలకూ ఎడమపక్కనున్న నల్లమెట్టు పట్టుకుంటే భూపాలం. శృతి మార్చక్కర్లేదు, రాత్రి తెల్లవారుతుంది. అలవాటుకొద్దీ గాంధారం (గ) దిగకపోతే బౌళి రాగం ఛాయ పడుతుంది. బౌళీ ఉదయరాగమే కనుక సభలో చాలామంది పట్టుకోకపోవచ్చు, న్యాయనిర్ణేత మాత్రం పట్టుకుంటాడు.

ప్రశ్న: ఆశ్వయుజ కార్తీకాల్లో మనకు వెన్నెలెక్కడిది, ముసురే కదా?
– నెల్లూరు పాఠకుడు

జవాబు: నిజమే. నెల్లూరు జిల్లా వర్షంలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలే ఇస్తాయి. మబ్బులు విడిపోయిన శరత్తు కావ్యసంప్రదాయం. మనకు అది వాయుగుండానికీ వాయుగుండానికీ మధ్య దొరికే తెరపి. ఎర్రన చెప్పిన పక్షుల రొదకు మాత్రం లోటుండదు. అక్టోబరు నుంచి నేలపట్టు పక్షికేంద్రంలో గూడబాతులు (పెలికన్లు) దిగుతాయి, పులికాట్‌లో ఫ్లెమింగోలు.

ప్రశ్న: వానల్లో హార్మోనియం మెట్లు దిగితే లేవడం లేదు.
– సూళ్లూరుపేట

జవాబు: చెమ్మకు చెక్క ఉబ్బి పక్క మెట్టును ఒరుసుకుంటోంది. నూనె వేయకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. ఎండలో పెట్టినా చెక్క వంగుతుంది. గాలి ఆడే గదిలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, పెట్టెలో సిలికాజెల్ పొట్లాలు వేసి మూయండి. అప్పటికీ పట్టేస్తుంటే ఆ మెట్టు పక్కల్ని సన్నరకం గరుకు కాగితంతో ఒకటి రెండుసార్లు మాత్రమే రుద్దండి. తడిగా ఉన్నప్పుడు ఎక్కువ అరగదీస్తే వేసవికి మెట్టు వదులై టకటకమంటుంది.