అభ్యంతరం బడి మీదా, నాన్నగారి మీదా?

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. వాడి బడిలో పిల్లలు వేసిన బొమ్మలకు ఫ్రేములు కట్టించి ప్రదర్శన పెట్టారు. బొమ్మను ఇంటికి తెచ్చుకోవాలంటే డబ్బు చెల్లించాలట, లేకపోతే అది అక్కడే ఉండిపోతుందట. నా కొడుకు వేసిన బొమ్మను నేను కొనుక్కోవడమేమిటని చెల్లించలేదు. ప్రతిఫలం అలవాటు చేస్తే పిల్లలకు బొమ్మల మీద ఇష్టం పోతుందని పరిశోధనలో తేలినట్టు కూడా చదివాను. మర్నాడు మా నాన్నగారు నాతో ఒక మాటైనా అనకుండా తన పెన్షన్ డబ్బుతో దాన్ని కొని తెచ్చి తన గదిలో తగిలించుకున్నారు. అదేమీ గొప్ప బొమ్మ కాదు: ఇంటికంటే ఎత్తుగా మా నాన్నగారు, పక్కన ఒక కుక్కపిల్ల. నా చిన్నతనంలో లెక్కల నోటుబుక్కులో బొమ్మలు వేశానని దాన్ని చించి పారేసిన మనిషి ఆయన. వెంటనే తిరిగి ఇచ్చేసి రమ్మని కోప్పడ్డాను. ఆయన మాట్లాడకుండా బొమ్మను గోడ మీద నుంచి తీసి మంచం కింద పెట్టేశారు. అప్పటి నుంచి మా అబ్బాయి నాతో ముభావంగా ఉంటున్నాడు. బడి మీద ఫిర్యాదు ఎవరికి, ఎలా చేయాలి?

జవాబు: బడి సంగతి తేలికైనది కనుక ముందు దాన్ని తేల్చేద్దాం. ఇలాంటి ప్రదర్శనలు చాలా చోట్ల ఒకే పద్ధతిలో నడుస్తాయి. ఫ్రేముల సంస్థ ఒకటి వచ్చి ప్రతి బొమ్మకూ ఫ్రేము బిగించి గోడకు తగిలిస్తుంది. అమ్ముడైన వాటి మీద బడికి కొంత వాటా ఇస్తుంది, మిగిలిపోయిన ఫ్రేములను వెనక్కి తీసుకుపోతుంది. బొమ్మలను కప్పుల మీద, కార్డుల మీద అచ్చువేసి అమ్మే పద్ధతి కూడా ఉంది. ఆ డబ్బుతో బడి రంగులూ కాగితాలూ కొంటే నాకు అభ్యంతరం లేదు. అయితే ఫ్రేము కొననివారికి అసలు బొమ్మే ఇవ్వమనడం మాత్రం అన్యాయం. కాగితం బడిదని వారు వాదించవచ్చు. కానీ రచనల మీద, కళాకృతుల మీద హక్కులను కాపాడే 1886 నాటి అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో, ఎక్కడా నమోదు చేయించనవసరం లేకుండానే, బొమ్మ మీద కాపీరైటు గీసినవారికి దక్కుతుంది. గీసింది ఎనిమిదేళ్ల పిల్లవాడైనా సరే. అందువల్ల ఫ్రేము వద్దన్న వారికి బొమ్మను విడిగా ఇచ్చేయాలనీ, వసూలైన డబ్బు దేనికి వెళుతుందో ముందే చెప్పాలనీ ప్రధానోపాధ్యాయులకు రెండు వాక్యాల వినతి రాయండి. దీనికి ఫిర్యాదు దాకా వెళ్లనవసరం లేదు.

ఇంతటితో మీరు అడిగిన ప్రశ్నకు జవాబు అయిపోయింది. కానీ మీ చేత ఈ ఉత్తరం రాయించింది బడి కాదని నా అభిప్రాయం. డబ్బు కట్టనన్న నాడు మీకు బడి మీద వచ్చింది చిరాకు. అసలు కోపం మర్నాడు, ఆ బొమ్మ మీ నాన్నగారి గోడ మీద కనిపించినప్పుడు వచ్చింది. మీ నోటుబుక్కు చించిన చేతులే మీ కొడుకు బొమ్మను జాగ్రత్తగా మేకుకు తగిలించడం మీరు భరించలేకపోయారు. ఆ బాధ న్యాయమైనదే. ఆ తరం తండ్రులందరూ అంతేనని సర్దిచెప్పే అలవాటు నాకు లేదు. పిల్లవాడు మనసుపెట్టి గీసుకున్నదాన్ని చించడం ఆనాడూ తప్పే. అయితే ఆ బాకీని మీరు వసూలు చేయబోయిన తీరు సరైనది కాదు.

మీరు ఆసరాగా తెచ్చుకున్న పరిశోధనను పూర్తిగా చదివి ఉంటే అది మీ పక్షాన నిలవదని తెలిసేది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లలను మూడు జట్లుగా చేశారు. బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని మొదటి జట్టుకు ముందే ఆశ పెట్టారు. రెండో జట్టుకు ముందు ఏమీ చెప్పకుండా, వేసిన తరువాత అదే పత్రం ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తరువాత పిల్లలను వారి మానాన వదిలి గమనిస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు తక్కినవారితో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మల జోలికి వెళ్లారు. అనుకోకుండా పత్రం అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. మీ నాన్నగారు మనవడికి ముందుగా ఏ ఆశా పెట్టలేదు, వాడి చేతిలో డబ్బూ పెట్టలేదు. వాడు వేసింది తనకు కావాలనుకున్నారు, వెళ్లి తెచ్చుకున్నారు. ఆయన మీద మీకున్న కోపానికి ఆ పరిశోధనను సాక్ష్యం పిలవకండి.

పైగా ఆ బొమ్మ గురించి మీరు రాసిన ఒక్క వాక్యాన్నీ మీరే మళ్లీ చదువుకోండి. ఏడెనిమిదేళ్ల పిల్లలు కొలతలు చూసుకుని గీయరు. తమకు ముఖ్యమనిపించిన మనిషిని ఎంత పెద్దగా గీయడానికైనా వెనకాడరు. కాగితం మీద చోటును బట్టీ, ముందు ఎవరిని గీయడం మొదలుపెట్టారన్నదాన్ని బట్టీ కూడా పరిమాణాలు మారిపోతాయి కాబట్టి ప్రతి గీతలోనూ అర్థం వెతకనక్కరలేదు, బొమ్మలో మీరు లేరని నొచ్చుకోనూ అక్కరలేదు. కానీ తాతగారిని ఇంటికంటే ఎత్తుగా వేసిన మనవడి బొమ్మను ఆ తాతగారు బడి గోడకే వదిలి రాగలరని మీరెలా అనుకున్నారు?

ఉద్యోగం విరమించి కొడుకు ఇంట్లో ఉంటున్న మనిషికి తనదని చెప్పుకోవడానికి మిగిలేవి చాలా తక్కువ. మీ నాన్నగారి విషయంలో ఆ గది గోడ ఒకటి, ఆ పెన్షన్ మరొకటి. ఒకే మాటతో మీరు రెండింటి మీదా అజమాయిషీ చేశారు. తన డబ్బు తాను ఖర్చుపెట్టుకున్నందుకు, అదీ మనవడు చూస్తుండగా, కొడుకు చేత మాట పడవలసిన అగత్యం ఏ తండ్రికీ రాకూడదు. మీ అబ్బాయి వైపు నుంచి కూడా ఆలోచించండి. వాడికి మీ నోటుబుక్కు కథ తెలియదు. వాడికి తెలిసిందల్లా, తన బొమ్మను నాన్న వద్దన్నాడు, తాతయ్య తెచ్చాడు, నాన్న అరిస్తే అది మంచం కిందికి పోయింది. ఆనాడు మీరు మీ నాన్నగారి గురించి ఏమనుకున్నారో, మీ అబ్బాయి ఇప్పుడు మీ గురించి అదే అనుకుంటున్నాడు.

కాబట్టి అబ్బాయి ఇంట్లో లేని వేళ చూసి ఆయన గదికి వెళ్లి కూర్చోండి. బడి గురించీ, ఫ్రేము గురించీ ఎత్తకండి. నా పుస్తకం ఎందుకు చించారు నాన్నా అని అడగండి. ఇన్నేళ్లూ అడగకుండా మోసుకు తిరిగారు, అందుకే అది మనవడి బొమ్మ మీద విరుచుకుపడింది. ఆయనకు ఆ సంగతి గుర్తే ఉండకపోవచ్చు, చించినవారికి గుర్తుండదు. లేదా చదువు పాడవుతుందన్న భయంతో చేశానని అనవచ్చు. క్షమాపణ మాత్రం ఆశించకండి, ఆ వయసులో ఆ మాట నోటికి రావడం కష్టం. ఆయన ఏం చెప్పినా చివరిదాకా వినండి, ఆ తరువాత మీరు కేకలేసింది తప్పని ఒప్పుకోండి. ముందే ఒప్పుకుంటే ఆయన పోనీలేరా అని మాట తుంచేస్తారు, అడగవలసింది మళ్లీ లోపలే ఉండిపోతుంది. బొమ్మను మీరు తీసి తగిలించకండి. అది ఆయన కొనుక్కున్నది, ఎక్కడ ఉంచుకోవాలో ఆయనే చూసుకుంటారు.

అబ్బాయితో పెద్ద సంభాషణ అవసరం లేదు. డబ్బు కట్టకపోవడం బడితో వచ్చిన పేచీ అనీ, బొమ్మ నచ్చక కాదనీ చెప్పి, ఆ కుక్కపిల్ల ఎవరిదని అడగండి. లేని మెప్పు కురిపించకండి, తాతగారికి పోటీగా ఖరీదైన రంగుపెట్టె కొనివ్వకండి. తొమ్మిది, పది ఏళ్లు వచ్చేసరికి పిల్లలు తాము గీసినదాన్ని అసలు వస్తువుతో పోల్చి చూసుకోవడం మొదలుపెడతారు, తమకు రాదని తేల్చుకుని మానేసేవారూ చాలామంది. ఆ వయసు మీ ఇంటికి రావడానికి ఎంతో కాలం లేదు, అప్పటికి మీ అబ్బాయి తన కాగితాన్ని మీకు చూపించే స్థితిలో ఉండాలి.

బడికి రాయవలసిన రెండు వాక్యాలూ ఇవన్నీ అయ్యాకే రాయండి. వచ్చే ఏడాది ప్రదర్శనకు ఏర్పాట్లు మొదలయ్యేలోపు అందితే చాలు కాబట్టి అందులో తొందరేమీ లేదు.