ఎన్‌క్లెక్స్‌కు చదువుతున్న అమ్మాయికి పిన్ని రాసిన ఉత్తరం

అమ్మాయీ,

అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షకు ఏ పుస్తకం కొనాలి, రోజుకు ఎన్ని ప్రశ్నలు చేయాలి అని అడిగావు. పుస్తకం పెద్ద సమస్య కాదు. పేరున్న వాటిలో ఏదో ఒకటి కొనుక్కుని, అది పూర్తయ్యేదాకా రెండోదాని జోలికి వెళ్లకు. అంతకంటే ముందు ఆ పరీక్షలోకి ప్రశ్నలు ఎక్కడి నుంచి వస్తాయో నీకు తెలియాలి. అది తెలియక తెలివైన పిల్లలు కూడా నెలల తరబడి అక్కరలేనివన్నీ బట్టీపట్టడం చూశాను.

మన దగ్గర డిగ్రీ చేతికి వచ్చాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకుంటే చాలు, నర్సువే. అమెరికాలో చదువు వేరు, లైసెన్సు వేరు. డిగ్రీ కళాశాల ఇస్తుంది, లైసెన్సు రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఇస్తుంది. 1903లో నార్త్ కరోలినా ఆ దేశంలో మొట్టమొదటి నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. నాటి నుంచి నేటి వరకు ఈ అధికారం రాష్ట్రాల చేతిలోనే ఉంది. ఆ బోర్డులన్నీ కలిసి 1978లో ఎన్‌సీఎస్‌బీఎన్ అనే జాతీయ మండలిని ఏర్పాటు చేసుకున్నాయి. పరీక్షను తయారు చేసేది ఆ మండలే. బోర్డు అంటే నర్సుల సంఘం అనుకునేవు సుమా! నర్సుల బాగోగులు దాని పని కాదు. కొత్త నర్సు చేతిలో రోగికి హాని జరగకుండా చూడడమే దాని పని.

ఈ మండలి సుమారు మూడేళ్లకోసారి ఒక అధ్యయనం చేస్తుంది. లైసెన్సు వచ్చి ఏడాది కూడా నిండని వేలమంది నర్సులకు ప్రశ్నావళి పంపుతుంది. అందులో నూటికి పైగా పనుల జాబితా ఉంటుంది. ఈ పని మీరు ఎంత తరచుగా చేస్తున్నారు, రోగి భద్రతకు ఇది ఎంత ముఖ్యం అని అడుగుతుంది. వాళ్ల జవాబులను బట్టే పరీక్షలో ఏ విభాగానికి ఎంత వాటా ఇవ్వాలో తేలుతుంది. కాబట్టి నిన్ను ప్రశ్న అడిగేది ప్రొఫెసర్ కాదు, నిరుడు ఉద్యోగంలో చేరిన నర్సు చేసే రోజువారీ పని. అరుదైన సిండ్రోముల పేర్లు గుర్తుపెట్టుకున్నందువల్ల ఇక్కడ పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇన్సులిన్, హెపారిన్, డిజాక్సిన్ లాంటి మందులు ఇచ్చే ముందు ఏం చూడాలో, రక్తం ఎక్కించేటప్పుడు రోగికి చలి పుడితే మొదట ఏం ఆపాలో తెలియకపోతే మాత్రం కుదరదు. ఏ విభాగానికి ఎంత వాటానో చెప్పే టెస్ట్ ప్లాన్ అనే పత్రం మండలి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పుస్తకం కంటే ముందు దాన్ని ప్రింటు తీసుకో.

ఆ ప్లాన్‌లో అన్నిటికంటే పెద్ద వాటా సంరక్షణ నిర్వహణది, అంటే ఏ పని ఎవరికి అప్పగించాలి, ఎవరిని ముందు చూడాలి లాంటివి. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన వార్డుల్లో రోగి పక్కన ఇంటివాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. తినిపించడం, ఒళ్లు తుడవడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం వాళ్లే చూసుకుంటారు. డాక్టరు రాసిన మందు ఇవ్వడం మన వంతు. అక్కడ ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు, నువ్వు కాబోయేది అదే) కింద ఎల్‌పీఎన్ (తక్కువ శిక్షణతో లైసెన్సు పొందిన నర్సు), నర్సింగ్ అసిస్టెంట్ ఉంటారు. ఎవరికి ఏ పని అప్పగించాలో నువ్వే తేల్చాలి, జవాబుదారీ కూడా నువ్వే. నిలకడగా ఉన్న రోగిని నడిపించడం, స్నానం చేయించడం, తాగిన నీళ్లు, పోసిన మూత్రం కొలిచి రాయడం అసిస్టెంటుకు ఇవ్వవచ్చు. రోగిని మొదటిసారి పరిశీలించి అంచనా వేయడం, జబ్బు గురించి నేర్పించడం, ఇచ్చిన చికిత్స ఫలించిందో లేదో తేల్చడం మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. అవి ఆర్‌ఎన్ పనులు.

ఇక ఎవరిని ముందు చూడాలనే ప్రశ్నలు. ఒక ఉదాహరణ చెబుతాను. నీకు నలుగురు రోగులు. శస్త్రచికిత్స జరిగి రెండో రోజు, నొప్పిగా ఉందంటున్న ఆయన ఒకరు. పొద్దున్న చక్కెర 210 ఉన్న మధుమేహ రోగి ఒకరు. ఇంటికి వెళ్లడానికి సిద్ధమై, మందుల గురించి చెప్పమని మూడుసార్లు గంట కొట్టిన ఆవిడ ఒకరు. నాలుగో ఆయన సీఓపీడీ, అంటే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్న రోగి. నిన్నటిదాకా బాగా మాట్లాడినవాడు ఈ పూట అస్తిమితంగా, తికమకగా ఉన్నాడు. ఆయన ఏమీ అడగడం లేదు, అయినా ముందు వెళ్లాల్సింది ఆయన దగ్గరికే. కొత్తగా వచ్చిన తికమక అంటే ఆక్సిజన్ అందడం లేదనో, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోందనో మొదట అనుమానించాలి. పాత బాధ కంటే కొత్త మార్పు ముందు, నొప్పి కంటే శ్వాస ముందు. అన్నట్టు, డాక్టరు రాసిన మోతాదు తప్పనిపిస్తే ఇవ్వకుండా ఆపి అడగాలి. పెద్దాయన రాశారు కదా అని ఊరుకునే జవాబు ఆ పరీక్షలో ఎప్పుడూ తప్పే.

2023 ఏప్రిల్ నుంచి పరీక్ష రూపం మారింది. మామూలు ప్రశ్నలతో పాటు కొన్నిచోట్ల ఒకే రోగి కథ ఇచ్చి, దాని మీద వరుసగా ఆరు ప్రశ్నలు వేస్తారు. ఏది గమనించాలి, దాని అర్థమేమిటి, ఏది ఎక్కువ ప్రమాదం, ఏం చేయవచ్చు, ఇప్పుడు ఏం చేస్తావు, చేశాక మెరుగైందా. ఈ ఆరు మెట్లూ నీకు పరాయివి కావు. డ్యూటీలో ఉన్నప్పుడు రోజూ ఒక రోగిని ఎంచుకుని, కేసు షీటు తిరగేస్తూ ఇవే ప్రశ్నలు వేసుకో. గంట గంటకు రాసిన నాడి, రక్తపోటు ఎటు జరుగుతున్నాయో చూడడం అలవాటైతే, అది వంద ప్రశ్నలు చేసినంత మేలు.

పరీక్ష గదిలో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, ఐదు గంటల సమయం. కంప్యూటర్ నీ జవాబులను చూసి తర్వాతి ప్రశ్న స్థాయిని మారుస్తుంది. నువ్వు సరిగ్గా చెప్పేకొద్దీ కష్టమైనవే వస్తాయి కాబట్టి బాగా రాసేవాళ్లకు కూడా మునిగిపోతున్నట్టే ఉంటుంది. దాన్ని పట్టించుకోకు. 85 దగ్గర ఆగిపోతే పాసైనట్టూ కాదు, తప్పినట్టూ కాదు. నీ స్థాయి పాసు గీత పైన ఉందో కింద ఉందో నూటికి 95 పాళ్ల నమ్మకంతో తేలినప్పుడు యంత్రం ఆపేస్తుంది, అంతే. వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలు లేదు. తప్పితే 45 రోజులు ఆగి మళ్లీ రాయవచ్చు.

నిన్న మొన్నటి పరీక్షలో వచ్చిన ప్రశ్నలంటూ ఫోన్ గ్రూపుల్లో అమ్ముతున్నారని రాశావు. కొనకు. ప్రశ్నలు బయట చెప్పనని పరీక్ష రాసే ప్రతి ఒక్కరూ ఒప్పుకుని కూర్చుంటారు. ఆ మాట తప్పినవాళ్లతో నీకెందుకు? పైగా ప్రశ్నల నిధి పెద్దది, ఒకరికి వచ్చినవే మరొకరికి వస్తాయన్న నమ్మకం లేదు. పత్రాల విషయంలో దగ్గర దారి చూపిస్తామనే ఏజెంట్లకు మరీ దూరంగా ఉండు. 2023 జనవరిలో ఫ్లోరిడాలో కొన్ని నర్సింగ్ పాఠశాలలు దాదాపు 7,600 దొంగ డిప్లొమాలు అమ్మినట్టు బయటపడింది. అవి కొన్నవాళ్లలో పరీక్ష పాసై పనిచేస్తున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల లైసెన్సుల మీద బోర్డులు వరుసగా చర్యలు తీసుకున్నాయి.

ఏ రాష్ట్రానికి దరఖాస్తు చేయాలన్నది తొందరపడి తేల్చకు. నిబంధనలు రాష్ట్రానికొక తీరు. కొన్ని సోషల్ సెక్యూరిటీ నంబరు లేనిదే లైసెన్సు ఇవ్వవు. టెక్సాస్‌లో ఆ రాష్ట్ర నర్సింగ్ చట్టం మీద ఇంకో పరీక్ష ఉంటుంది. ఒక్క లైసెన్సుతో 40కి పైగా ప్రాంతాల్లో పనిచేయనిచ్చే ఒప్పందం ఒకటుంది కానీ, అది ఆ ఒప్పందంలో ఉన్న రాష్ట్రంలో కాపురముంటున్నవాళ్లకే. ఇక్కడి నుంచి దరఖాస్తు చేసే నీకు మొదట దొరికేది ఒక్క రాష్ట్రపు లైసెన్సే.

పాసయ్యాక మొదటి ఏడాది గురించి ఒక్క మాట. మార్లీన్ క్రామర్ అనే పరిశోధకురాలు 1974లోనే కొత్త నర్సులు చదువు నుంచి పనిలోకి దిగినప్పుడు తగిలే దెబ్బకు ‘రియాలిటీ షాక్’ అని పేరు పెట్టింది. నీకు వార్డు అనుభవం ఉన్నా అది తప్పదు, ఎందుకంటే నియమాలూ, యంత్రాలూ, మాట తీరూ అన్నీ కొత్తవి. ఉద్యోగం చూసుకునేటప్పుడు జీతం తర్వాత అడుగు. ప్రిసెప్టర్, అంటే పక్కనుండి పని నేర్పే అనుభవమున్న నర్సు దగ్గర ఎన్ని వారాలు ఉంచుతారో, కొత్తవాళ్లకు రెసిడెన్సీ అనే తొలి ఉద్యోగ శిక్షణ ఉందో లేదో ముందు అడుగు. దీనికి సూటిగా జవాబు చెప్పని ఆసుపత్రిలో చేరవద్దని నా సలహా.

ఇప్పుడు అత్యవసరమైన సంగతి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పరీక్షకు ఇచ్చే అనుమతి పత్రంలో పేరు, నువ్వు చూపించే పాస్‌పోర్టులో పేరు అచ్చంగా ఒకటి కాకపోతే లోపలికి రానివ్వరు. కట్టిన 200 డాలర్ల రుసుము కూడా పోతుంది. నీ పదో తరగతి మెమో, డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి, ఒక్కోదానిలో పేరు ఏ అక్షరాలతో ఉందో ఉన్నదున్నట్టు రాసి నాకు పంపు. తేడా ఉంటే దరఖాస్తు చేయకముందే సరిచేయించుకోవాలి. కౌన్సిల్ నుంచి ధ్రువీకరణ పత్రం నేరుగా అమెరికాకు పంపించే పని కూడా ఈ వారమే మొదలుపెట్టు. అది నీ చేతిలో లేని పని, నీ చదువు కంటే అదే ఎక్కువ కాలం పట్టవచ్చు.

ఆశీస్సులతో,
మీ పిన్ని