గోదాంలో పెట్టిన కారవాన్‌ను ఎలుకలు కొరికేశాయి, ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో పాత వ్యాన్ కొని, పడకలు, చిన్న వంటగది పెట్టించి కారవాన్‌గా మార్పించాను. ఎన్నాళ్ల కలో అది. 2024 నవంబరులో చలికాలమంతా అబ్బాయి దగ్గర ఉండటానికి వెళ్తూ, పార్వతీపురం దగ్గర దూరపు బంధువు గోదాంలో నెలకు రూ.2,500 అద్దెకు పెట్టాం. 2025 ఫిబ్రవరి 25న వెళ్లి చూస్తే ఎలుకలు వైరింగంతా కొరికేసి, సీట్ల స్పాంజి పీకి గూళ్లు కట్టుకున్నాయి. లోపల చెత్త, ఊక, ఒకటే కంపు. మా ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. మరమ్మతుకు రూ.1,80,000 అవుతుందట. అవసరమైతే బండి పక్కకు జరుపుతారని తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంచాం. గోదాం ఆయన మొదట సర్దుతానన్నాడు. ఇప్పుడేమో రసీదు మీద ‘వాహనం యజమాని బాధ్యతపైనే’ అని ఉంది కదా అంటున్నాడు. తిరగని బండికి దండగని ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయించలేదు. కొత్త పాలసీ తీసుకుని, నెలాగి షార్ట్ సర్క్యూట్ అని క్లెయిమ్ వేద్దామంటున్నాడు మెకానిక్. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ఇంత ఉత్తరంలో కేసును తేల్చేది మీరు మాటవరసకి రాసిన ఒక్క వాక్యం. తాళంచెవి వాళ్ల దగ్గర ఉంచారు. చెవి మీ జేబులోనే ఉండి, అద్దె కట్టి జాగా మాత్రం వాడుకుని ఉంటే, ‘నేను స్థలం ఇచ్చాను, బండి సంగతి నాకేం తెలుసు’ అని ఆయన తప్పించుకునేవాడు. చెవి అప్పగించడంతో బండి ఆయన స్వాధీనంలోకి వెళ్లింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 148, 149 సెక్షన్ల ప్రకారం అది బెయిల్‌మెంట్, అంటే పని అయ్యాక తిరిగి ఇవ్వాలన్న ఒప్పందంతో వస్తువును ఇంకొకరికి అప్పగించడం. 151వ సెక్షన్ ప్రకారం, వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో ఆయన మీ బండినీ అంత జాగ్రత్తగా చూసి ఉండాలి. చూశానని ఆయన రుజువు చేసుకుంటే మాత్రం 152 ఆయనకు రక్ష.

రసీదు మీది అచ్చు వాక్యానికి కంగారు పడకండి. తాజ్ మహల్ హోటల్ కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి షరతునే పరిశీలించింది. పార్కింగ్‌కు తాళంచెవి తీసుకున్నాక, తన సిబ్బంది నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి ఆ షరతు అడ్డుపెట్టుకుని హోటల్ తప్పించుకోలేదని, జాగ్రత్త తీసుకున్నామని చూపాల్సిన భారం హోటల్‌దేనని తేల్చింది. అది హోటల్లో కారు దొంగతనం సంగతి. గోదాంకూ అదే సూత్రం వర్తిస్తుందని గట్టిగా వాదించవచ్చు.

ఇక నిర్లక్ష్యానికి రుజువు. అది మీ దగ్గరే ఉంది, మీరే గమనించలేదు. మీరు పంపిన ఫొటోల్లో ఒకదానిలో వ్యాన్ వెనక చక్రానికి ఆనించి ధాన్యం బస్తాలు పేర్చి ఉన్నాయి. ఇంకోదానిలో, సీటు కింది గూట్లో, పసుపుపచ్చ స్పాంజి ముక్కల మధ్య ఊక, గోనె నార కలిసి ఉన్నాయి. కోతలయ్యాక పొలం ఎలుకలు గోదాం దారి పడతాయని ధాన్యం నిల్వచేసేవాడికి ఒకరు చెప్పాలా? అద్దె తీసుకుని మీ బండిని ఆ బస్తాల మధ్య పెట్టి, బోనైనా పెట్టలేదంటే వివేకం ఉన్న మనిషి పని కాదు. మీరు ‘చెత్త’ అని కొట్టిపారేసిన ఆ ఊకే ఎలుకలు ఎక్కడివో చెబుతుంది. ఊడ్చి పారబోయలేదనే ఆశిస్తాను. మిగిలినదాన్ని, కొరికిన వైర్ల కట్టను కవర్లో పెట్టి సీలు చేయండి. ఫొటోలున్న అసలు ఫోను అమ్మకండి, మార్చకండి. ప్రింట్లతో పాటు సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, అవి ఆ ఫోన్లోని ఫొటోలేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. మెకానిక్ నోటిమాట చాలదు. వైర్లు తెగింది ఎలుకల వల్లేనని సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వక నివేదిక తీసుకున్నాకే మరమ్మతు మొదలుపెట్టండి.

మీ తప్పూ ఉంది. వంటగది అరలో చిరిగిన బిస్కెట్ ప్యాకెట్, సగం బియ్యం సంచి కనిపిస్తున్నాయి. మూడు నెలలు మూసి ఉంచే బండిలో తిండి వదిలిపెట్టి వెళ్తారా? నీళ్ల పైపు కోసం నేలకు వేసిన రంధ్రం చుట్టూ సందు కూడా పూడ్చలేదు. పెన్సిల్ దూరే సందు చిట్టెలుకకు చాలు. అవతలి లాయరు మొదట పట్టుకునేది ఇదే, పరిహారం కొంత కోసుకుపోవచ్చు. అలాగని ఆ ఫొటో దాచకండి. దాచారని తేలితే మిగతా ఫొటోలనూ నమ్మరు.

మెకానిక్ సలహా మాత్రం చెవిన పెట్టకండి. ఉన్న నష్టాన్ని దాచి పాలసీ తీసుకుని క్లెయిమ్ వేయడం మోసం. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. నష్టం అంచనా వేయడానికి వచ్చే ఇన్సూరెన్స్ సర్వేయరు పాత కొరుకుడుకీ కొత్త షార్ట్ సర్క్యూట్‌కీ తేడా తెలియనంత అమాయకుడు కాడు. పైగా ఆ క్లెయిమ్ కాగితాన్నే గోదాం ఆయన తన సాక్ష్యంగా దాఖలు చేస్తాడు, రెండు కేసులూ పోతాయి. వ్యాన్‌ను కారవాన్‌గా మార్చిన సంగతి ఆర్‌సీలో ఎక్కించారా అన్నదీ రాయలేదు. ఎక్కించకపోతే అది ముందు సరిచేసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దాన్ని ఊరికే వదలదు.

గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు, అంటే 2027 ఫిబ్రవరి 25 లోపు ఫిర్యాదు వేయాలి. ‘సంక్రాంతి వెళ్లాక చూద్దాం బావగారూ’ అనే మాటలతో గడువు పెరగదు. చుట్టరికం చూసుకుని నోటీసు ఆపకండి. పదిహేను రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో పంపించి, జవాబు రాకపోతే కేసు వేయండి.

కేసు కోసం పార్వతీపురం తిరగక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చని అదే చట్టం 34వ సెక్షన్ చెబుతోంది కనుక రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి వెబ్ పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. ఫీజు లెక్క మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన అద్దెను బట్టి. అద్దె రూ.5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. రసీదు తెలుగులో ఉంది, దానికి ఇంగ్లీషు లేదా ఒడియా అనువాదం జతచేయండి. అద్దె యూపీఐలో పంపి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. చేతికిచ్చి ఉంటే ఆ రసీదే ఆధారం, దాన్ని జాగ్రత్త చేయండి. కారవాన్‌ను టూరిస్టులకు అద్దెకిస్తామని ఎక్కడైనా ప్రకటన పెట్టి ఉంటే నాకు ముందే చెప్పండి, అది వాణిజ్య అవసరం, మీరు వినియోగదారు కిందకు రారని అవతలివాళ్లు అడ్డుపడతారు.

మరమ్మతు ఖర్చు, మూడు నెలల అద్దె, మనోవేదనకు ఓ మోస్తరు మొత్తం అడగండి. మనోవేదనకు పది లక్షలని రాస్తే అసలు మరమ్మతు లెక్కనూ అనుమానంగా చూస్తారు.