నాము తిన్న ఆవుకి గంధకం పెడితే సరిపోతుందా?

సందేహం: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. పచ్చిమేత జొన్న ఒక కోత అయ్యాక వానల్లేక వడిలిపోయింది. మొన్న వాన పడి మోళ్ల నుంచి పిలకలొస్తే రెండు ఆవుల్ని తోలాను. అరగంటలో ఒకటి వణికి పడిపోయి చచ్చిపోయింది. రెండోదానికి డాక్టరుగారు నరానికి ఇంజక్షన్ చేస్తే లేచింది. దాణాలో గంధకం పొడి కలిపితే నాము (లేత జొన్న మేత విషం) ఎక్కదని ఊళ్లో అంటున్నారు. నిజమేనా? మిగిలిన జొన్న ఏం చేయాలి?

జవాబు: ఆవు పోయినందుకు చాలా బాధగా ఉందండీ. గంధకం మాట సగం నిజం, ఆ సగాన్నే నమ్ముకుని డాక్టర్ని పిలవడం ఆలస్యం చేస్తారేమోనని నా భయం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

లేత జొన్నలో, ముఖ్యంగా బెట్ట తగిలాక వచ్చిన పిలకల్లో, ధూరిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఆవు నమిలి మింగాక పొట్టలో అది విరిగి సైనైడ్ విషం బయటికొస్తుంది. కిలో బరువుకి సుమారు 2 మిల్లీగ్రాములు చాలు ప్రాణం తీయడానికి, అంటే 250 కిలోల ఆవుకి అర గ్రాము. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు వాడుకోలేవు, అందుకే అప్పుడు రక్తం మామూలుకంటే ఎర్రగా కనిపిస్తుంది.

ఈ విషానికి శరీరంలోనే ఒక విరుగుడు ఉంది. కాలేయంలోని రోడనేజ్ అనే ఎంజైమ్ సైనైడ్‌కి ఒక సల్ఫర్ (అంటే గంధకమే) పరమాణువుని అతికిస్తుంది, అది థయోసైనేట్‌గా మారి మూత్రంలో పోతుంది. సైనైడ్‌తో పోలిస్తే దీని విషం చాలా తక్కువ. గ్రాము విషానికి సుమారు 1.2 గ్రాముల సల్ఫర్ కావాలి, ఒక్కసారిగా అంత విషం మీద పడితే కాలేయం దగ్గర అంత సల్ఫర్ సిద్ధంగా ఉండదు. ఇలాంటప్పుడు డాక్టర్లు నరానికి ఎక్కించేది సోడియం థయోసల్ఫేట్, ఎంజైమ్ వెంటనే వాడుకోగల రూపంలో ఉన్న సల్ఫర్. దీనికి ముందు సోడియం నైట్రైట్ కూడా ఇస్తారు, మోతాదు తప్పితే అదే ప్రమాదం, కాబట్టి ఇంట్లో పెట్టుకుని మీరే చేసే వైద్యం కాదిది.

గంధకం పొడి అలా కాదు, పొట్టలో సూక్ష్మజీవులు దాన్ని మార్చాలి, దానికి సమయం పడుతుంది. సల్ఫర్ ఉన్న ఖనిజ లవణ మిశ్రమం రోజూ పెడితే కొంత రక్షణ ఉంటుంది, పడిపోయిన ఆవుని మాత్రం లేపదు. బూడిద తెగులుకి కొట్టే గంధకం అసలే పెట్టొద్దు, సల్ఫర్ ఎక్కువైతే పొట్టలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుట్టి మెదడు దెబ్బతింటుంది.

ఇంకో సంగతి. కొంచెం కొంచెం విషమున్న మేత నెలల తరబడి తింటే ఆ థయోసైనేటే పేరుకుని థైరాయిడ్‌కి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. చూడి మేకలకి, ఆవులకి గొంతు వాచిన బలహీనమైన పిల్లలు పుడతాయి. అందుకని మీరు కొనే లవణ మిశ్రమంలో అయోడిన్ ఉందో లేదో చూసుకోండి.

మిగిలిన జొన్నని తగలబెట్టకండి. పూత వచ్చేదాకా ఆగి కోయండి, లేదంటే ఇప్పుడే కోసి ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి వేయండి, విషం చాలావరకు గాలిలో కలిసిపోతుంది. వాన పడగానే యూరియా చల్లి ఆ చిగురు మేపడం మహా ప్రమాదం. ఆకలి మీదున్న పశువుని చేలోకి తోలొద్దు, ముందు ఎండుగడ్డి వేయండి. మళ్లీ ఏ పశువైనా తూలితే మేత లాగేసి వెంటనే పశువైద్య సాయం నంబరు 1962కి ఫోన్ చేయండి, జొన్న పిలకలు తిన్నదని మొదటి మాటలోనే చెప్పండి.