హైతీలో గురువారం కచేరీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మేం నలుగురం ఫ్రెండ్స్. ఇంజనీరింగ్ ఫైనలియర్. సొంత పాటలతో రాక్ బ్యాండ్ పెట్టుకున్నాం. కాలేజీ ఫెస్ట్ తప్ప వాయించే చోటు లేదు, అక్కడా సినిమా పాటలే అడుగుతున్నారు. ఈమధ్య హైతీ దేశపు బ్యాండ్ ‘రామ్’ వీడియోలు చూశాం. 1990 నుంచీ ఉన్నారట! అంత పేద దేశంలో ఇన్నేళ్లు ఎలా నిలబడ్డారు?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ముందు పేరు సంగతి. రాముడికీ దీనికీ సంబంధం లేదు బాబూ. బ్యాండ్ పెట్టిన రిచర్డ్ ఆగస్ట్ మోర్స్ పేరులోని మూడు మాటల ఇంగ్లిష్ మొదటి అక్షరాలు (R, A, M) అవి.

మోర్స్ తల్లి ఎమరాంత్ ద ప్రదీన్ హైతీలో పేరున్న గాయని, నాట్యకళాకారిణి. తండ్రి అమెరికన్ ప్రొఫెసర్. అమెరికాలో పెరిగి, ప్రిన్స్‌టన్‌లో చదువుకుని, న్యూవేవ్ రాక్ వాయిస్తూ తిరిగిన మోర్స్, తల్లి పుట్టిన దేశపు లయలు వెతుక్కుంటూ 1980లలో హైతీ చేరాడు. 1987లో రాజధాని పోర్టో ప్రిన్స్‌లో ఒలాఫ్సన్ అనే పాత హోటల్‌ని లీజుకి తీసుకున్నాడు. నువ్వడిగిన దానికి అసలు జవాబు ఆ లీజులో ఉంది.

అది 19వ శతాబ్దం చివర్లో కట్టిన తెల్లటి చెక్క మేడ. పొడుగాటి వరండాలు, చూరు చుట్టూ సన్నటి చెక్క నగిషీ. అమెరికా సైన్యం హైతీని ఆక్రమించినప్పుడు ఆసుపత్రిగా ఉండి, ఆ తర్వాత హోటలైంది. అతిథుల కోసం మోర్స్ జానపద నృత్యబృందం ఒకదాన్ని పిలిపించాడు. అందులోని లూనీజ్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆ నృత్యం, డోళ్ల చుట్టూ గిటార్లు చేరి 1990లో ‘రామ్’ అయింది. పాడేది లూనీజ్, మోర్స్ ఇద్దరూ. అప్పట్నుంచీ ఏళ్ల తరబడి గురువారం వస్తే చాలు, రాత్రి పొద్దుపోయాక ఆ హోటల్లోనే కచేరీ. విదేశీ విలేకర్లు వచ్చేవాళ్లు, ఊరి వాళ్లూ వచ్చేవాళ్లు.

నేను పెళ్లిళ్లలో, చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రా డ్రమ్స్ వాయించినవాణ్ని. స్టేజీ వేరేవాళ్లదైతే పాటా వాళ్లు చెప్పిందే. ఇది మా అందరికీ అనుభవమే. ‘రామ్’కి స్టేజీ తమది, రోజు తమది. ఫిలడెల్ఫియా అనే హాలీవుడ్ సినిమా సౌండ్‌ట్రాక్‌లో 1993లో వాళ్ల పాట ‘ఇబో లేలే’ వచ్చింది. అది మంచి అవకాశమే. కానీ వాళ్లని నిలబెట్టింది ఆ ఒక్క పాట అని నేననుకోను, ప్రతి గురువారం వాయించిన అలవాటు అనే అంటాను.

రెండో సంగతి సంగీతం. ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో హైతీ వీధుల్లో ‘రారా’ అనే ఊరేగింపులు తిరుగుతాయి. అందులో వెదురు బొంగుతో చేసిన బాకాలు ఊదుతారు. ఒక్కో బాకాకి ఒక్కటే స్వరం. పొడుగు బొంగుకి లావు స్వరం, పొట్టి దానికి సన్న స్వరం. ఊదేవాడు తన వంతు వచ్చినప్పుడే ఊది, మిగతా సమయమంతా చిన్న పుల్లతో ఆ బొంగు మీదే తాళం కొడతాడు. అలా నలుగురైదుగురు వంతులేసుకుని ఊదితేనే ట్యూన్ పుడుతుంది. ఒక్కడు మానేస్తే ట్యూన్‌కి చిల్లు పడుతుంది. ‘రామ్’ ఈ బాకాల్ని అలంకారానికి పెట్టుకోలేదు. వాటి కింద పెత్రో అనే హైతీ డోళ్లు, పక్కన ఎలక్ట్రిక్ గిటార్, అన్నీ కలిసే పాట. మీ ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఉన్నాయి. గుండె మీద రేకు గుళ్లు కట్టుకుని వాయిస్తూ గెంతే కళాకారుల్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? మీ డ్రమ్మర్‌ని తీసుకుని ఒకసారి వెళ్లండి. వాళ్లకి డబ్బిచ్చి నేర్చుకోండి, ఫోన్లో రికార్డు చేసుకుని రావడం కాదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. సొంత పాటకి ఖరీదుంటుంది. 1991లో సైన్యం ఎన్నికైన అధ్యక్షుడు అరిస్టీడ్‌ని దేశం నుంచి తరిమేసింది. ఆ రోజుల్లో ‘రామ్’ ‘ఫెయ్’ అనే పాత జానపదం పాడింది. గాలివానకి కొమ్మ నుంచి రాలిన ఆకు గురించిన పాట. జనం దాన్ని దేశం విడిచిపోయిన అధ్యక్షుడి పాటగా విన్నారు, సైన్యం నిషేధించింది. మోర్స్‌ని చంపుతామని బెదిరింపులొచ్చాయి. ఆ తర్వాతా గురువారాలు సాగాయి. 1998 కార్నివాల్‌లో బ్యాండ్ ఎక్కిన ట్రక్కు బ్రేకులు పోయి జనం మీదికి దూసుకెళ్లింది, ఎనిమిది మంది పోయారు. 2010 జనవరి 12 భూకంపంలో ఊరు కూలితే, ఆ చెక్క మేడ నిలిచింది. శిథిలాల మధ్య నుంచి మోర్స్ ట్విటర్‌లో ప్రపంచానికి కబుర్లు అందించాడు.

కాబట్టి మీ నలుగురూ చెయ్యాల్సింది: ఫెస్ట్ కోసం ఎదురుచూడకండి. మీ ఊళ్లో ఏ కాఫీషాపు ఓనర్‌నో ఒప్పించి వారానికొక రోజు ఖాయం చేసుకోండి. పదిమందే వచ్చినా ఆ రోజు మారొద్దు. సినిమా పాట అడిగితే ఒకటి వాయించి, వెంటనే మీది వాయించండి.

ప్రశ్న: మా అబ్బాయి పొద్దస్తమానం ఏదో ‘వూడూ రాక్’ అని వింటున్నాడండీ. వూడూ అంటే చేతబడి కదా, బొమ్మలకి సూదులు గుచ్చడం! ఇంట్లో అలాంటివి పెట్టొచ్చా? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ఏమీ కాదమ్మా, విననివ్వండి. పైన చెప్పిన ‘రామ్’ లాంటి హైతీ బ్యాండ్ల పాటల్నే అలా అంటారు. సూదుల బొమ్మలు ఎక్కువగా హాలీవుడ్ ప్రచారం చేసినవి. వూడూ హైతీ ప్రజల మతం. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు తమ దేవతల్ని మర్చిపోకుండా కాపాడుకున్న భక్తి అది. డోలు మోగితే దేవత ఒంటి మీదికి వస్తుందని వాళ్ల నమ్మకం. మీ వైపు బోనాల్లో శివసత్తుల్ని చూసే ఉంటారు కాబట్టి మీకు ఇది అర్థమవుతుంది. 1791 ఆగస్టులో బువా కైమాన్ అనే చోట జరిగిన వూడూ పూజతోనే బానిసల తిరుగుబాటు మొదలైందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ పోరాటంతోనే 1804లో హైతీ స్వతంత్రమైంది. అయినా 2003లో గానీ ప్రభుత్వం దాన్ని మతంగా గుర్తించలేదు. అన్నేళ్లు హీనంగా చూశారు. మనం కూడా అదే చూపు చూడటం నాకు బాధ.

సౌండ్ మరీ ఎక్కువ పెడితే మాత్రం తగ్గించమనండి, చెవులు పోతాయి.

ప్రశ్న: మేం మయామీలో ఉంటాం. హైతీ రెండు గంటల ప్రయాణం. ‘రామ్’ వాయించే ఆ ఒలాఫ్సన్ హోటల్లో కచేరీ చూసి రావచ్చా?
– ఒక తెలుగు కుటుంబం, ఫ్లోరిడా

జవాబు: వెళ్లకండి. ఆ హోటల్ ఇక లేదు. పోర్టో ప్రిన్స్‌లో ఆ ప్రాంతం సాయుధ ముఠాల చేతుల్లోకి పోయింది. భూకంపానికి నిలిచిన ఆ మేడ 2025 జులైలో మంటల్లో కాలిపోయింది. ఆ వార్త చదివిన రోజు నేను ఇంకే పనీ చెయ్యలేకపోయాను.

బ్యాండ్ అమెరికాలో కూడా వాయించింది. న్యూ ఆర్లీన్స్‌లో జరిగే ‘క్రూ ద కనవల్’ ఉత్సవంలోనూ పాల్గొంది. కచేరీల ప్రకటనలు చూస్తుండండి. ఈలోగా 2016లో వచ్చిన వాళ్ల ఆరో ఆల్బమ్ వినండి. మంచి స్పీకర్లలో వినండి, ఫోన్లో డోలు దెబ్బ తెలియదు. మీ ఊళ్లోనే లిటిల్ హైతీ అనే హైతీవాళ్ల పేట ఉంది. ఈస్టర్ ముందు రోజుల్లో రారా బృందం ఎప్పుడు బయల్దేరుతుందో అక్కడి దుకాణాల్లో అడగండి. వెదురు బాకాల పక్కనే నడవొచ్చు, టికెట్ కూడా ఉండదు.