సిమ్ము వేరు, ఫోను అప్పు వేరు
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: ఎనిమిది వాయిదాల ఈఎంఐ మీద ఫోన్ కొన్నాను. ఇంకా ఐదు మిగిలాయి. మా వీధిలో సిగ్నల్ సరిగా అందడం లేదు. నంబరు అదే ఉంచుకుని వేరే కంపెనీకి మారదామంటే, అప్పు తీరేదాకా మారకూడదని షాపతను అంటున్నాడు. నాది పోస్ట్‌పెయిడ్. నిజమేనా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: నిజం కాదు, మారొచ్చు. మీకు అప్పిచ్చింది ఫైనాన్స్ కంపెనీ, సిమ్ ఇచ్చింది టెలికాం కంపెనీ. ఒకరి లెక్కతో ఇంకొకరికి పని లేదు. షాపతని మనసులో పాత పద్ధతి ఉండిపోయి ఉంటుంది. 2003లో రిలయన్స్ ‘మాన్సూన్ హంగామా’ అంటూ 501 రూపాయలకే ఫోన్ చేతిలో పెట్టిన రోజుల్లో ఫోను, నంబరు, నెల బిల్లు మూడూ ఒకే ముడి. ఆ ఫోను ఆ కంపెనీకే పనికొచ్చేది. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు పోర్టబిలిటీ, అంటే నంబరు మారకుండా కంపెనీ మారే వీలు వచ్చింది.

ముందు మీకు వచ్చిన బిల్లు పూర్తిగా కట్టేయండి. తర్వాత PORT అని ఇంగ్లిషు పెద్దక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు రాసి 1900కి మెసేజ్ పంపండి. ఎనిమిది అక్షరాలూ అంకెలూ కలిసిన యూపీసీ కోడ్ (కంపెనీ మారడానికి చూపించాల్సిన గుర్తు) వస్తుంది. దాని గడువు నాలుగు రోజులే. ఆలోగా ఆధార్ తీసుకుని కొత్త కంపెనీ స్టోర్‌కి వెళ్లండి. మూడు పనిదినాల్లో నంబరు మారుతుంది. హైదరాబాద్‌లో తీసుకున్న నంబరైనా అంతే, టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్, అంటే ఒకే సేవా ప్రాంతం.

కోడ్ రాలేదంటే కారణం చాలావరకు వీటిలో ఒకటి: ఇప్పటి కంపెనీలో 90 రోజులు నిండలేదు, బిల్లు బాకీ ఉంది, గత ఏడు రోజుల్లో సిమ్ మార్పించారు, లేదా నంబరు ఆఫీసు పేరు మీద ఉంది. ఆఫీసు నంబరైతే వాళ్ల అనుమతి పత్రం కావాలి.

చాలామంది దెబ్బతినేది చివరి బిల్లు దగ్గర. ఆఖరు బిల్లు తేదీ నుంచి మారిన రోజు దాకా వాడుకున్నదానికి పాత కంపెనీ ఇంకో బిల్లు వేస్తుంది. ‘మారిపోయాం కదా’ అని వదిలేస్తే, కొత్త కంపెనీలో ఉన్న నంబరును కూడా ఆపించే హక్కు పాత కంపెనీకి ఉంది. అందుకే పాత ఖాతా నంబరు రాసి దాచుకోండి.

ఇంకొక్క మాట. ఫైనాన్స్ మీద ఇచ్చే కొన్ని ఫోన్లలో వాయిదా తప్పితే తెర మూసేసే యాప్ వేస్తారు. కొన్నిటిలో సిమ్ మార్పును అడ్డుకునే ఏర్పాటూ ఉంటుంది. సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్ యాప్స్’ అని వెతికి చూడండి. ఫైనాన్స్ పేరు కనిపిస్తే ముందు వాళ్ల కస్టమర్ కేర్‌కి చెప్పి, ఆ తర్వాతే పోర్ట్ చేయండి. వాయిదా తేదీకి అటూ ఇటూ రెండు రోజులు మాత్రం వద్దు, కొత్త సిమ్ తొలిరోజు ఓటీపీలు ఆలస్యం కావచ్చు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉండే మా అబ్బాయి తను వాడిన ఐఫోన్ 13 నాకు పంపాడు. నా సిమ్ వేస్తే ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అంటోంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో రెండు వేలిస్తే లాక్ తీస్తామంటున్నారు. తీయించమంటారా?
– కావలి పాఠకురాలు

జవాబు: తీయించకండమ్మా. అక్కడ చేసేది చాలావరకు సిమ్ కింద పల్చటి చిప్ పెట్టడమే. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన రోజున మళ్లీ మొదటికొస్తుంది. తమ సిమ్ తప్ప వేరేది పనిచేయకుండా వేసిన అసలు తాళం ఫోన్ అమ్మిన అమెరికా టెలికాం కంపెనీ దగ్గరే ఉంది.

ఒకప్పుడు అక్కడ రెండేళ్ల కాంట్రాక్టు ఉండేది. 200 డాలర్లు కడితే ఖరీదైన ఫోన్ ఇచ్చేవాళ్లు, మధ్యలో మానేస్తే జరిమానా. అక్కడి టెలికాం కంపెనీల్లో టీ-మొబైల్ 2013లో, ఏటీ అండ్ టీ 2016 జనవరిలో ఆ పద్ధతి మానేశాయి. ఇప్పుడు ఫోన్ పూర్తి ధర నెలవాయిదాల్లో వసూలు చేస్తారు. ఏటీ అండ్ టీలో 36 నెలలు, టీ-మొబైల్‌లో ఎక్కువగా 24. కాంట్రాక్టు అనే మాట పోయింది గానీ కట్టు పోలేదు, ఎందుకంటే రాయితీని నెలనెలా బిల్లులో కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. 900 డాలర్ల ఫోన్ అనుకోండి. నెలకు 25 డాలర్ల వాయిదా, అందులో 20 రాయితీ. మీ అబ్బాయి కట్టేది 5. పద్నాలుగు నెలలకే కంపెనీ మారితే రాయితీ ఆగిపోతుంది, మిగిలిన 22 వాయిదాలు, అంటే 550 డాలర్లు ఒక్కసారిగా మీద పడతాయి. ఆ బాకీ తీరేదాకా లాక్ తీయరు.

అబ్బాయిని తన ఖాతాలో బాకీ ఎంతుందో చూడమనండి. ఏటీ అండ్ టీ అయితే ఫోన్ డబ్బు పూర్తిగా కట్టి ఉండాలి, వాళ్ల నెట్‌వర్క్‌లో 60 రోజులు వాడి ఉండాలి. టీ-మొబైల్ పోస్ట్‌పెయిడ్‌లో బాకీ తీరడంతోపాటు 40 రోజులు. మీరు *#06# నొక్కి 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) పంపితే, అతను కంపెనీ వెబ్‌సైట్‌లో అన్‌లాక్ అడగొచ్చు. డబ్బేమీ తీసుకోరు. అయిందో లేదో మీరే చూసుకోవచ్చు: సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో కిందికి వెళ్తే ‘క్యారియర్ లాక్’ అని ఉంటుంది, దాని పక్కన ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని రావాలి.

రేపు ఐఫోన్ 14 గానీ ఆ తర్వాతది గానీ పంపుతానంటే ఇంకో సంగతి చెప్పండి. అమెరికాలో అమ్మే ఆ ఫోన్లకు సిమ్ పెట్టే అరే ఉండదు. ఇక్కడ ఈ-సిమ్ (చిప్ లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్) తీసుకోవాలి.

ప్రశ్న: రొయ్యల గుంటలు మావి. పట్టుబడి అయినప్పుడే చేతిలో డబ్బు. 24,000 ఫోన్‌ని ‘నో కాస్ట్’ ఈఎంఐలో నెలకు 4,000 చొప్పున ఆరు నెలలంటున్నారు. రొక్కమైతే 22,500కే ఇస్తారట. ఏది మేలు?
– ఇందుకూరుపేట పాఠకుడు

జవాబు: రొక్కం. వడ్డీ లేని అప్పు అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. మీ లెక్కే చూద్దాం. వదులుకునే తగ్గింపు 1,500. ప్రాసెసింగ్ ఫీజు 299 అనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీతో 353. మొత్తం 1,853. నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి, ఇది నూటికి నెలకు రెండు రూపాయల ముప్పై అయిదు పైసల వడ్డీతో సమానం. ఊళ్లో చేబదులు కూడా అంతకన్నా చవగ్గా దొరకొచ్చు.

మీలాంటి రాబడికి అసలు చిక్కు తేదీ. వాయిదా రోజున ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి పోతే బ్యాంకు ఒక చార్జీ, ఫైనాన్స్ కంపెనీ ఇంకో చార్జీ వేస్తాయి, సిబిల్ స్కోరూ (అప్పులు తీర్చే తీరుకు వేసే మార్కు) దెబ్బతింటుంది. పట్టుబడి దాకా పాత ఫోన్‌తో నెట్టుకొచ్చి రొక్కంతో కొనండి. ఆగలేకపోతే సంతకానికి ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ (అప్పు ఖర్చులు, షరతులు రాసిచ్చే కాగితం) అడగండి. అది ఇవ్వడం వాళ్ల బాధ్యత. అందులో ‘ఏపీఆర్’ (ఫీజులు కూడా కలిపి ఏడాదికి పడే వడ్డీ శాతం) అనే అంకె చూడండి, ముందే తీర్చేస్తే ఎంత పట్టుకుంటారో కూడా చదవండి. ఆఖరు వాయిదా కట్టాక ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం) తీసుకోండి, ఆటో డెబిట్ రద్దయిందో లేదో బ్యాంకులో అడగండి.

ప్రశ్న: 449 రూపాయల పోస్ట్‌పెయిడ్ అని తీసుకుంటే బిల్లు 530 వస్తోంది. ప్రీపెయిడ్‌కి మారొచ్చా?
– పొదిలి పాఠకుడు

జవాబు: మారొచ్చు. పోస్ట్‌పెయిడ్ ధర మీద 18 శాతం జీఎస్టీ విడిగా వేస్తారు, 449కి 529.82 అవుతుంది. ప్రీపెయిడ్ రీచార్జ్ ధరలో పన్ను కలిసే ఉంటుంది. అదే కంపెనీలో మారడానికి యూపీసీ అక్కర్లేదు, ఓటీపీతో అవుతుంది. బిల్లు వచ్చి, కట్టిన మర్నాడే అడగండి, అప్పుడు సగం నెల లెక్కల గొడవ తక్కువ. తొలిరోజు డిపాజిట్ కట్టి ఉంటే అది కూడా అడిగి తీసుకోండి.