మండలానికి ఇద్దరు సైనికులు

గుత్తి,
జూన్ ఆఖరు వారం

నాయనా,

నీ గ్రహాంతర దాడి కథ అందింది. 42 పేజీలు. రెండుసార్లు చదివాను. మొదటిసారి మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, విసనకర్రతో విసురుకుంటూ. రెండోసారి రాత్రి, పెన్సిలు పట్టుకుని. "మొహమాటం లేకుండా చెప్పండి సార్" అని నువ్వే రాశావు కాబట్టి ఆ పెన్సిలు గీతల సంగతి చెప్తాను. నొచ్చుకుంటే నొచ్చుకో.

నచ్చినదాంతో మొదలుపెడతా, అది చిన్నది గనుక. మూడో పేజీలో సైరన్ మోగుతుంటే వీధి కొళాయి దగ్గర ఒకామె "బిందె సగం కూడా నిండలేదు, ఇప్పుడేనా?" అంటుంది. ఆ మాట దగ్గర నేను పేజీ తిప్పకుండా కాసేపు ఆగాను. ఆ తర్వాత నువ్వు ఆమెను అక్కడే వదిలేసి సేనాపతి గదిలోకి వెళ్లిపోయావు, మళ్లీ రాలేదు.

ఇక నీ మొదటి వాక్యం. "అకస్మాత్తుగా ఆకాశంలో పది వేల శత్రునౌకలు ప్రత్యక్షమయ్యాయి." ప్రత్యక్షం కావడానికి అవేమన్నా దేవతలా? నేను గుంతకల్లు రైల్వే కంట్రోల్‌లో పనిచేసినవాణ్ని. మద్రాసు, బొంబాయి, బెంగళూరు, హుబ్లీ, నంద్యాల, ఎటు నుంచి ఏ బండి వస్తున్నా అది వచ్చేముందు దాని కబురు వచ్చేది. లైన్ క్లియర్ అడగకుండా గూడ్స్ బండి కూడా స్టేషన్లోకి రాదు. మరి పది వేల ఓడలు కబురు లేకుండా ఎలా వచ్చాయి? నువ్వు రాసిన లెక్కలతోనే చూద్దాం.

శత్రువుల నక్షత్రం 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉందన్నావు. మన సూర్యుడికి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ దూరం అదే, అక్కడి నుంచి తీసుకున్నట్టున్నావు. మంచిదే. ఓడల వేగం కాంతిలో పదో వంతు అన్నావు, అంటే సెకనుకు 30 వేల కిలోమీటర్లు. ఆ లెక్కన వాళ్లు చేరడానికి 42 ఏళ్లు దాటుతుంది. వాళ్లు బయలుదేరినప్పటి మంట వెలుగు మాత్రం నాలుగేళ్ల చిల్లరలో నీ గ్రహానికి చేరిపోతుంది. తీసివేత చెయ్యి. 38 ఏళ్లు.

పైగా ఓడ ఆగాలి కదా. రైలుకు బ్రేకులేస్తే చక్రం పట్టాను పట్టుకుంటుంది. అక్కడ పట్టా లేదు. ఇంజన్ను వెనక్కి తిప్పి, వెళ్లే దిక్కుకే మంట చిమ్మాలి. అంటే ఆ మంట నేరుగా నీ గ్రహం వాళ్ల మొహాల్లోకే. మనుషుల్లాంటి ప్రాణులు బతికే ఓడ వెచ్చగా ఉంటుంది, చుట్టూ ఉన్నదేమో మైనస్ 270 డిగ్రీల చలి. చీకటింట్లో అగరొత్తి నిప్పులాగా కనబడిపోతుంది. 1977లో మనవాళ్లు, అంటే మనుషులు, పంపిన వాయేజర్-1 అంతరిక్ష నౌక 2,400 కోట్ల కిలోమీటర్లు దాటిపోయింది. దాని ట్రాన్స్‌మిటర్ బలం ఒక చిన్న బల్బంత. అయినా ఈ రోజుకీ దాని మాట వింటున్నాం. అంత చిన్నగొంతు వినబడుతుంటే పది వేల ఇంజన్లు కనబడవా?

ఇది చదివి నువ్వు కథ చించేస్తావేమో, ఆగు. నీ కథ ఇక్కడే ఉంది. 38 ఏళ్లు కంటికి కనబడుతూ వచ్చిన దాడి ఒక పొద్దున ఆకస్మిక దాడి ఎలా అయింది?

38 అంటే ఏమిటో తెలుసా? మా కాలంలో 20 ఏళ్లకు ఉద్యోగంలో చేరినవాడు 58కి దిగిపోయేవాడు. ఒక మనిషి సర్వీసు మొత్తం. నీ గ్రహంలో ఒక గుమాస్తాను ఊహించు. చేరిన మొదటి వారంలో ఒక కొత్త వెలుగు చుక్కను రిజిస్టర్లో రాశాడు. పైవాళ్లు సంతకం పెట్టారు. మరుసటి ఏడు మళ్లీ రాశాడు, మళ్లీ సంతకం. పదేళ్లకు ఆ చుక్క అందరికీ అలవాటైపోయింది. పిల్లలకు దాని మీద పాటలు కూడా వచ్చేశాయి. బడ్జెట్ లేదని ఆ సెక్షన్లో సగం కుర్చీలు తీసేశారు. "ఇంకా ముప్పై ఏళ్లుంది కదప్పా" అన్నవాళ్లు రిటైరైపోయారు, తర్వాత వచ్చినవాళ్లకు ఫైలు ఎక్కడుందో తెలియదు. మన గుమాస్తాకు శాలువా కప్పి, దండ వేసి, ఫ్రేము కట్టిన ఫోటో చేతికిస్తున్న సాయంత్రం సైరన్ మోగింది. నాకైతే పది వేల ఓడల కంటే ఆ శాలువా భయం పుట్టిస్తుంది. కావాలంటే తీసుకో, అద్దె అడగను.

ఇదంతా ఎవరూ ఒప్పుకోని ఊహ అనుకోకు. 1941 డిసెంబరు 7న హవాయి దీవుల్లో, పెరల్ హార్బర్ మీద జపాన్ విమానాలు పడిన రోజు, ఒక కొండకొమ్మున కొత్తగా పెట్టిన రాడార్ దగ్గర ఇద్దరు కుర్ర సిపాయిలున్నారు. పొద్దున 7 దాటి 2 నిమిషాలకు తెర మీద పెద్ద గుంపు కనబడింది, 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. ఫోన్ చేసి చెప్పారు. అవతల ఉన్న అధికారి దాని గురించి పట్టించుకోవద్దన్నాడు. అతను మూర్ఖుడు కాదు. ఆ పొద్దునే కాలిఫోర్నియా నుంచి అమెరికా సొంత విమానాలు రావలసి ఉన్నాయి, అవే అనుకున్నాడు. బాంబులు పడడానికి అప్పటికి ఇంకా దాదాపు అరగంట ఉంది. ఆ సొంత విమానాలు నిజంగానే వచ్చాయి కూడా, సరిగ్గా దాడి మధ్యలోకి. నువ్వైతే ఆ అధికారిని తాగుబోతుగానో ద్రోహిగానో రాసేవాడివి. నీ పదకొండో పేజీలో రాశావు కూడా. వద్దు. అతని దగ్గర ఒక మంచి కారణం ఉండాలి. చదివేవాడు "నేనైనా అదే అనుకునేవాణ్ని" అనుకోవాలి.

లేదు సార్, నాకు ఒక్క రాత్రిలోనే దాడి కావాలంటావా? అయితే ఆకాశం వదిలెయ్. నేల చూడు.

మా నాయన శెనక్కాయ వేసేవాడు. తొలకరి గట్టిగా పడిన రాత్రి ఆయన పడుకునేవాడు కాదు. కంది కట్టె, పాత టైరు ముక్కలు, ఏది దొరికితే అది పోగేసి చేను గట్టు మీద మంట పెట్టేవాడు. నేను పక్కన కూర్చుని తూగేవాణ్ని. వాన తడి తగిలిన కాసేపటికి నేలలోంచి రెక్కల పురుగులు లేచేవి. నిరుటి నుంచీ మట్టిలో గూడు కట్టుకుని పడుకున్నవి. మంటలో పడినవి పడేవి, తప్పించుకున్నవి ఆకుల అడుగున గుడ్లు పెట్టేవి. నాలుగైదు రోజులకు పిల్లలు. అవి పెద్దయితే ఎర్ర గొంగళి పురుగు, మా వైపు కంబళి పురుగంటారు. ఒక చేను మోడు చేసి, దండు కట్టి పక్క చేనికి నడిచేవి. అడ్డంగా కందకం తవ్వేవాళ్లు. చేనిలో అక్కడక్కడా అలసంద, ఆముదం సాళ్లు వేసేవాళ్లు, పురుగు ముందు వాటి మీదికి పోతుందని. అది కూడా ఒక యుద్ధ తంత్రమే, రాసుకో. ప్రతి ఏడూ ఊర్లో ఎవరో ఒకరు "రాత్రికి రాత్రి యాడ్నుంచి ఊడిపడ్డాయో" అనేవాళ్లు. మా నాయన బీడీ ఆర్పి, "యాడ్నుంచీ రాలేదప్పా, మన కాళ్ల కిందే పండుకోనుండె" అనేవాడు.

నీ శత్రువు నలభై ఏళ్ల కిందటే విత్తనంలాగా దిగి, వాన కోసం కాచుకుని ఉంటే? ఎవరి వాన, ఏ వాన అన్నది నువ్వు తేల్చుకోవాలి.

ఇంకో దారి ఉంది. 2013 ఫిబ్రవరి 15న ప్రపంచంలోని దుర్భిణులన్నీ ఒక గ్రహశకలం కోసం ఎదురుచూస్తున్నాయి. అది ఆ రోజు భూమికి 28 వేల కిలోమీటర్ల లోపలి నుంచి పోతుందని ముందే లెక్క కట్టారు. దానికి కొన్ని గంటల ముందు, దానితో ఏ సంబంధమూ లేని ఇంకో రాయి, 20 మీటర్లంత రాయి, రష్యాలో చెల్యాబిన్స్క్ ఊరి మీద ఆకాశంలో పేలింది. ముందుగా ఎవరూ పసిగట్టలేదు, ఎందుకంటే అది సూర్యుడి వైపు నుంచి వచ్చింది. పొద్దుకు ఎదురుగా చూడడం ఎవరి వల్లా కాదు. దొంగ కూడా కళ్లలో ఎండ పడే పక్క నుంచే వస్తాడు. నీ సేనాపతికి ఈ మాత్రం తెలివి ఉండాలి.

అదే చోట ఇంకో సంగతి. నీ కథలో మెరుపూ శబ్దమూ ఒకేసారి వస్తాయి. సినిమాల్లో అలాగే చూపిస్తారు. చెల్యాబిన్స్క్‌లో ముందు వెలుగు వచ్చింది. జనం ఏమిటా అని కిటికీల దగ్గరికి పరుగెత్తారు. రెండు నిమిషాలు దాటాక గాలి దెబ్బ వచ్చింది. అద్దాలు పగిలాయి. దాదాపు 1,500 మంది వైద్యం కోసం వచ్చారు, వాళ్లలో చాలామంది గాజు పెంకులు గుచ్చుకున్నవాళ్లే. వెలుగుకూ దెబ్బకూ మధ్య ఉన్న ఆ రెండు నిమిషాలు నీకు పెద్ద ఆస్తి. పిల్లలు కిటికీకి ముక్కు ఆనించి నిలబడి ఉండే నిమిషాలు. నువ్వు వాటిని "ధడేల్!" అని ఒక్క మాటలో ఖర్చు చేసేశావు.

ఇప్పుడు తొమ్మిదో పేజీ. "పది లక్షల మంది శత్రుసైనికులు గంటలో గ్రహాన్ని ఆక్రమించారు." పది లక్షలు వినడానికి పెద్దగానే ఉంది. నీ గ్రహం భూమంత ఉంటుందన్నావు. భూమి మీద నేల దాదాపు 14 కోట్ల 90 లక్షల చదరపు కిలోమీటర్లు. మన పాత అనంతపురం జిల్లా, 2022లో రెండు ముక్కలు కాకముందుది, 19,130. అంటే నీ గ్రహంలో ఏడు వేల ఏడు వందల పైచిలుకు అనంతపురాలు పడతాయి. పది లక్షల మందిని పంచితే ఒక్కో అనంతపురానికి 128 మంది. మనకు 63 మండలాలు. మండలానికి ఇద్దరు.

మండలానికి ఇద్దరు, నాయనా! మా గుత్తి సంతలో కొట్లాట జరిగితే విడదీయడానికే ఇద్దరు పోలీసులు చాలరు. ఆ ఇద్దరు సైనికులు ఎండలో, తెలియని భాషలో, దారి అడుక్కుంటూ తిరుగుతారు. హాస్య కథ రాయాలంటే మాత్రం ఇది బంగారం. నువ్వు నవ్వించాలని రాయలేదు కాబట్టి, గ్రహం మొత్తం పట్టుకునే ఆశ మానుకో. ఏం పట్టుకుంటే గ్రహం దారికొస్తుందో అది పట్టుకోమను.

దీనికి నా సొంత తల వంపు ఒకటి చెప్తా. నా మొదటి కథలో గుత్తి కోట మీద ఒక రాకెట్ దిగింది. పరాయి లోకం వాళ్లు కోటలో పాతుకుపోయి కింద ఊరినంతా గడగడలాడించారు. ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు కథతో పాటు ఒక కార్డు ముక్క వెనక్కి పంపాడు. దాని మీద ఒకే ప్రశ్న: "వాళ్లకు నీళ్లు ఎవరు మోశారు?" వారం రోజులు తిట్టుకున్నాను. తర్వాత సిగ్గేసింది. పుట్టి పెరిగింది ఈ కోట కింద. మురారిరావు లాంటి మరాఠా యోధుడు ఇంత కొండా, ఇన్ని బురుజులూ పెట్టుకుని హైదరాలీకి లొంగిపోయింది ఫిరంగులకు కాదు, కోటలో నీళ్లు అయిపోయి. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో. కథ రాసేటప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు, ఎందుకంటే సాహసాలు రాస్తున్నాననుకున్నాను, నీళ్ల గురించి కాదు. నీ ఓడల్లో తిండి లెక్క, నీళ్ల లెక్క నలభై రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

భాష గురించి తొందరగా చెప్పి ముగిస్తా, చెయ్యి నొప్పి పుడుతోంది. నీ సేనాపతి "ఓరీ గ్రహాంతర దురాత్ములారా" అంటాడు. పద్యనాటకంలో అయితే వన్స్ మోర్ పడేది. కొళాయి దగ్గర ఆమె మాట్లాడినట్టు అందరినీ మాట్లాడించు. గ్రహం వేరే అయితే యాస ఉండకూడదని ఎవరన్నారు?

ఇంకొకటి. ధర్మవరం పక్కన నిమ్మలకుంటకు ఎప్పుడైనా వెళ్లావా? తోలుబొమ్మలాట చూడు. లంక మీద దండయాత్ర అంతా రెండు బొమ్మలతో చేస్తారు. వెనక దీపం, ముందు తెల్లగుడ్డ, ఢీ అంటే ఢీ. కోతుల సైన్యం ఎంతుందో మనం ఊహించుకుంటాం. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలు వచ్చి తిట్టుకుంటాయి, యుద్ధం ఆగదు, తెర వెనక జరుగుతూనే ఉంటుంది. నీ పది వేల ఓడల్లో 9,998 తీసెయ్.

మళ్లీ రాసి పంపు. తొందరేం లేదు, నిన్న రాత్రి ఇక్కడ మంచి వాన పడింది, నాకు చూసుకునే పనులున్నాయి. గుమాస్తా కథ చేస్తావో, నేలలోంచి తెస్తావో, సూర్యుడి చాటున తెస్తావో నీ ఇష్టం. కానీ ఆ మూడో పేజీ ఆమె దగ్గరికి మాత్రం వెనక్కి వెళ్లు. సైరన్ మోగాక ఆమె ఇంటికి పరుగెత్తిందా, కొళాయి దగ్గరే నిలబడిందా? ఆ బిందె నిండిందా, లేదా?

ఆశీస్సులతో,
మీ సార్